మళ్ళీ ఒకరు పెరిగారు

స్కోరు డాక్టరుగారికి ఉన్న జబ్బు ఒక్కటే. తను రాసిన పరిశోధనా వ్యాసాలను లోకంలో కొత్తగా ఎవరు తలుచుకున్నారో తెలిస్తే తప్ప ఆయనకు ముద్ద దిగదు.

ఆయన పెద్దాసుపత్రిలో నరాల విభాగానికి పెద్ద. ఎక్కడో ఒక పరిశోధకుడు తన వ్యాసంలో ఈయన వ్యాసాన్ని పేర్కొంటే అది ఒక సైటేషన్. ఆటల పిచ్చివాళ్ళు స్కోరు చూసుకున్నట్టు ఆ అంకెను ఆయన ఫోనులో చూసుకునేవారు. లిఫ్టులో చూసేవారు, మెట్ల మీద చూసేవారు, రోగి మోకాలి మీద సుత్తితో కొట్టి, ఆ కాలు ఎగిరి కిందికి దిగేలోగా ఇంకోసారి చూసేవారు. ఒకసారి తన గుండెకే పరీక్ష చేయించుకుంటూ, ఒంటినిండా తీగలతో పడుకుని, "పెరిగింది!" అని కేక పెట్టారు. యంత్రం దగ్గరున్న నర్సు "ఏమిటండీ, బీపీయా?" అంటూ డాక్టరు కోసం పరుగెత్తింది. ఎదురుగా ఉన్నదే డాక్టరన్న సంగతి ఆవిడకు కాసేపటికి గాని గుర్తుకు రాలేదు.

ఆయన దగ్గర కొత్తగా చేరిన జూనియర్ డాక్టరమ్మ మొదటివారమంతా తెరిచిన నోరు మూయలేదు.

"అమ్మాయ్, మనల్ని ఎవరో తలుచుకున్నారు!"

"ఎవరండీ?"

"ఎవరైతేనేం! మంచు కురిసే దేశమట. అక్కడిదాకా పాకాం!"

ఆయనకు అంత పేరు తెచ్చిన వ్యాసం ఒకే ఒక్క రోగి గురించి. పక్షవాతం నుంచి తేరుకున్న ఒక దర్జీ ఆవిడ, తన ఎడమ చెయ్యి తనది కాదు పొమ్మంది. "మరి ఎవరిదమ్మా?" అంటే, "మా ఆడపడుచుది. మొన్న వచ్చి మరిచిపోయి వెళ్ళింది" అంది. మెదడులో ఎక్కడ దెబ్బ తింటే అలా అనిపిస్తుందో, అది ఎలా కుదురుకుంటుందో ఆయన వివరంగా రాశారు.

ఇంతలో ఆసుపత్రి డైరెక్టరు జూనియర్‌ను పిలిపించాడు.

"మీ పెద్దాయన పేరు పురస్కారానికి పంపుతున్నాం. కానీ ఆ అంకె అలా పొంగుతుంటే నాకు గుబులుగా ఉంది. ఒకళ్ళనొకళ్ళు పేర్కొనేట్టు ముందే కూడబలుక్కునే ముఠాలున్నాయట. నువ్వు పక్కనే ఉంటావుగా, కాస్త కనిపెట్టి చెప్పు."

"ఛ, ఆయన అలాంటివారు కాదండీ!" అని వచ్చేసింది. వచ్చేసరికి ఆయన గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఫోనులో మాట్లాడుతున్నారు.

"ఈ నెల బాగా పెరిగాయి. అంతా నీ చలవే. నీ పేరు ఎక్కడా బయటికి రాదు, ఆ పూచీ నాది. రేపు కొట్టు దగ్గరికే వస్తాను, తక్కినవి అక్కడ మాట్లాడుకుందాం."

ఆమె తలుపు తట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంత మనిషి, ఇంత పని! సైటేషన్లకు కొట్టు కూడా పెట్టారా!

మర్నాడు ఆమె ఆయన వెనకాలే బయలుదేరింది. బస్టాండు పక్క సందులో, బొత్తాల డబ్బాలు వేలాడదీసిన కొట్టులోకి ఆయన దూరారు. స్టూలు మీద కూర్చుని, కుట్టుమిషను ముందున్న ఆవిడకు ఫోను చూపిస్తున్నారు. ఇక ఆగలేక లోపలికి ఉరికింది.

"సార్! మీరు ఇలా చేస్తారని కలలో కూడా అనుకోలేదండీ!"

మిషను ఆగింది. "ఎవరండీ ఈ పిల్ల? కొలతలకా?" అంది ఆవిడ, టేపు అందుకుంటూ. ఎడమ చేత్తో.

ఆ చెయ్యి చూడగానే జూనియర్‌కు వ్యాసంలోని దర్జీ ఆవిడ గుర్తుకొచ్చింది. స్కోరు డాక్టరుగారు దొరికిపోయిన దొంగలా నేల చూపులు చూశారు.

ఆవిడే చెప్పింది: "చెయ్యి నాది కాదన్నానని తెలివొచ్చాక తెలిసింది తల్లీ. సిగ్గుతో చితికిపోయాను. పిచ్చిదన్నారు. వీధి తలుపు తియ్యడం మానేశాను. అప్పుడు ఈయనొచ్చి, 'ఎక్కడో ఒకాయన తన కాలు తనది కాదన్నాడట, ఇంట్లోవాళ్ళు పిచ్చాసుపత్రిలో పడెయ్యబోతే, ఒక డాక్టరు నీ సంగతి చదివి ఆపాడట' అన్నారు. ఆ మర్నాడే మిషను మీది ముసుగు తీశాను. అప్పటినుంచీ ఎవరు రాసినా నాకు చెప్పాల్సిందే."

"చెయ్యి నాదని దేశదేశాల్లో అచ్చేశారు. ఒక్కడైనా నన్నడిగాడా?" అంది మూల కూర్చుని కాజాలు కుడుతున్న ఆడపడుచు.

"ఈవిడకొక్కరికేనా సార్?" అంది జూనియర్.

"తక్కినవాళ్ళకు ఫోను చేస్తానమ్మా. జబ్బు వాళ్ళది, ఓర్చుకున్నది వాళ్ళు. పేరేమో నాకొచ్చె. కబురైనా చెప్పొద్దూ?"

ఆమె తిన్నగా డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ అంకెలో దొంగది ఒక్కటీ లేదని చెప్పింది. పురస్కారం వచ్చింది. ఆయన మాత్రం సభలో దండ వేయించుకుంటూ కూడా ఫోను చూసుకున్నారు.

కొన్నాళ్ళకు జూనియర్ తొలి వ్యాసం అచ్చయింది. తలకు దెబ్బ తగిలినప్పటినుంచీ ఏం తిన్నా కిరసనాయిలు కంపేనన్న ఒక బస్సు డ్రైవరు గురించి. వంటకు వంక పెడుతున్నాడని ఆయన భార్య అలిగి మాటలు మానేసింది. ఒక ఉదయం ఫోను చూసుకున్న డాక్టరమ్మ, వార్డు మధ్యలోనే నిలబడి ఆయనకు ఫోను చేసింది.

"డ్రైవరుగారూ, మీ ముక్కు గురించి వేరే దేశంలో రాశారండీ! అక్కడా ఒకాయనకు ఇదే బాధట!"

"ఎంతమంది రాశారమ్మా?"

"ఒక్కరు."

"ఒక్కరేనా?"

"మొన్ననే కదండీ అచ్చయింది!"

"సరే, ఒక్కరైనా చాల్లే. ఉండండి, మా ఆవిడకిస్తాను. ఈ మాట ఆవిడకు మీ నోటితోనే చెప్పండి. కాస్త గట్టిగా."