కదలని కారు, తిరిగిన మీటరు

ఆ రోజుల్లో కారు కొనడం ఒక ఎత్తు, దాన్ని సాకడం ఇంకో ఎత్తు. పెట్రోలు సంగతి అటుంచండి. మూడు నెలలకోసారి సర్కారుకు టాక్సు కట్టాలి, టైర్లు ఎండకు పగలకుండా చూసుకోవాలి, అన్నిటికంటే ముఖ్యంగా బ్యాటరీని పసిపిల్లలా కనిపెట్టుకొని ఉండాలి (పసిపిల్లయినా ఆకలైతే ఏడుస్తుంది, బ్యాటరీ చెప్పాపెట్టకుండా ప్రాణం విడుస్తుంది). ఇవన్నీ తెలిసి కూడా మా చిన్నాయన డెబ్బైల చివర్లో వరంగల్లులో ఒక పాత నల్లకారు కొన్నాడు. నేను అప్పుడే డిగ్రీ ముగించి, ఉద్యోగం దొరికేదాకా అని ఊరి నుంచి వచ్చి ఆయనింట్లో మకాం పెట్టాను. చిన్నాయనకు బట్టల దుకాణం ఉండేది. గుడ్డ కొలిచేటప్పుడు నా చెయ్యి ధారాళమని కనిపెట్టి, రెండో రోజే నన్ను దుకాణంలోంచి తప్పించి కారు బ్యాటరీ అప్పజెప్పాడు. వారం వారం మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయడం, తీగలు బిగించిన చోట తెల్లటి బూజు తుడిచి వాజలైన్ రాయడం, ఇంజను కాసేపు తిప్పి ఆపడం నా పని. డిగ్రీ చదివినవాడికి ఇంతకంటే గౌరవమైన పని ఇంట్లో మరొకటి లేదని నేను కూడా నమ్మాను.

ఆ కారుకు ఒక చరిత్ర ఉంది. అది అంతకుముందు గింజల సేటు అని అందరూ పిలిచే ధాన్యం వ్యాపారిది. పొట్టి మనిషి. సరదా పుట్టినప్పుడు సీటు బాగా ముందుకు జరుపుకొని తనే నడిపేవాడట. ఒకనాడు ఒంట్లో బాగాలేదని వెనక సీట్లో కూర్చొని డోర్నకల్ నుంచి వస్తూ దారిలోనే పోయాడు. డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. నిద్రపోతున్నాడనుకొని దారంతా మెల్లగా, గుంతలు తప్పించుకుంటూ తెచ్చి, ఇంటి ముందర ఆపి, తలుపు తీసి పట్టుకొని "సేటూ, ఇల్లొచ్చింది" అని చాలాసేపు నిలబడ్డాడట. అందుకే కారు చవకలో వచ్చింది. వద్దని చెప్పినవాళ్లకు చిన్నాయన ఒకటే జవాబు చెప్పేవాడు. "మనిషన్నంక ఏడనో ఓ కాడ పోతడు. సీటు జర ఒత్తి చూడు, ఎంత మెత్తగున్నదో."

అంత ముచ్చటపడి కొన్న కారు ఆరు నెలలు తిరగకుండానే ఇటుకల మీదికెక్కింది. టాక్సు భారమైందని ఆయన లోకానికి చెప్పుకున్నాడు గాని, అసలు కారణం వేరు. చిన్నమ్మ తల్లిగారిది ములుగు దాటాక అడవి అంచున ఒక పల్లె. కొత్త కారులో దర్జాగా అత్తగారింటికి పోయిన మొదటిసారే, తిరుగు ప్రయాణంనాడు బ్యాటరీ చచ్చి కారు ఊరి నడుమ నిలబడిపోయింది. చిన్నమ్మ తమ్ముడు పాపం మంచికే ఎడ్లు కట్టి రోడ్డెక్కించాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "బావా, మావాటికి టాక్సు లేదు, బ్యాటరీ లేదు, ఇంత గడ్డేస్తె చాలు" అన్నాడు. ఊరంతా నవ్వింది. చిన్నాయన నవ్వలేదు. ఇంటికొచ్చిన మర్నాడే పెరట్లోని రేకుల షెడ్డులో కారును ఇటుకల మీదికెక్కించి, నాలుగు చక్రాలూ నేలకు జానెడు ఎత్తున ఉంచి, 'ఈ బండి రోడ్డెక్కదు, టాక్సు మాఫీ చేయండి' అని రవాణా ఆఫీసులో అర్జీ పెట్టాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, మీటరు మీది అంకె రాసుకొని, మళ్లీ ఎప్పుడైనా చూడ్డానికొస్తానని, అప్పటికి చక్రం రోడ్డును తాకినట్టు తేలితే టాక్సుకు తోడు జరిమానా పడుతుందని, కట్టలేకపోతే బండిని వేలం వేస్తారని చెప్పి పోయాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో తల్లిగారి ఊసు లేదు. తమ్ముడికి కూతురు పుట్టిందని కబురొచ్చినప్పుడు చిన్నమ్మ ఒక్కసారి అడిగింది, బస్సులో పోయొస్తానని. "పోతె పో, నేనేమన్న కాళ్లు కట్టేసిన్నా" అన్నాడు చిన్నాయన. ఆ అనడంలోనే వద్దని ఉంది. ఆమె మళ్లీ అడగలేదు. నేను బ్యాటరీకి నీళ్లు పోస్తుంటే మాత్రం చేటలో బియ్యం వేసుకొని షెడ్డు గుమ్మంలో కూర్చొని కారును ఆడిపోసుకునేది. "గీ ఇనుప బర్రెకు చాకిరి చేసుడే అయితాంది. పాలియ్యది, పేడెయ్యది. కాళ్ల కింద ఆ మూడు ఏందిరా? ఆ కర్ర ఎందుకు?" అనేది. నేను క్లచ్చు ఏమిటో, గేరు ఎట్లా మార్చాలో ఓపికగా చెప్పేవాణ్ణి. (ఆడవాళ్లకు అర్థం కాదని తెలిసినా చెప్పడంలో ఒక గొప్ప ఉంటుంది కదా.)

వానలు వెనకపట్టి చలి మొదలైన రోజుల్లో మొదటిసారి గమనించాను. ఆ సాయంత్రం నీళ్లు పోద్దామని బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. మనిషి ఒంటి వెచ్చదనం. వారం రోజులుగా నేను దాన్ని తాకలేదు. ఎండకు వేడెక్కిందనుకుందామంటే, రేకులే చల్లబడి ఉన్నాయి. లోపలికి తొంగి చూశాను. చిన్నాయన ఆరడుగుల మనిషి, నేనూ పొడగరినే. సీటెప్పుడూ వెనక్కే ఉంటుంది. అదిప్పుడు బాగా ముందుకు జరిగి ఉంది. అద్దం కిందికి వంచి ఉంది, పొట్టివాళ్లకు కనిపించేటట్టు. గింజల సేటు గుర్తొచ్చాడు. సీటు వెనక్కి జరిపి, అద్దం సరిచేసి, వెనక సీటు వైపు చూడకుండా బయటికొచ్చాను. వారం తర్వాత పోతే సీటు మళ్లీ ముందుకే ఉంది.

షెడ్డుకు ఆనుకొని రైసు మిల్లుండేది. పొద్దంతా దాని హోరులో పక్కన మనిషి మాట వినిపించదు. ఒక్కోసారి సందెవేళ కరెంటు పోతే మిల్లు టక్కున ఆగి, ఆ నిశ్శబ్దం చెవులకు బరువుగా తగిలేది. అలాంటి ఒక సందెవేళ నేను బావి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాను. దీపాలింకా పెట్టలేదు. షెడ్డులోంచి హారన్ మోగింది. ఒకసారి, ఆగి ఇంకొకసారి. ఎవరినో తలుపు తీయమని పిలిచినట్టు, కోపం లేకుండా, మర్యాదగా మోగింది. రేకుల సందుల్లోంచి సన్నని పసుపు వెలుగు నేలమీద పడి, చూస్తుండగానే ఆరిపోయింది. తర్వాత ఏమీ లేదు. ఎవరూ దిగలేదు, తలుపు చప్పుడు కాలేదు. ఇంట్లోకి ఎట్లా వచ్చానో నాకు తెలియదు, ఒక చెప్పు మాత్రం బావి దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు, చిన్నమ్మ బర్రెపాలు అమ్మకానికి తీసుకుపోయే పాలమనిషి గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి చెప్పాడు. "నాకెర్కే పటేలా. మొన్న నేను గూడ చూసిన. స్టీరింగు దానంతట అదే తిరుగుతాంది. సేటుకు ఇంక ఇల్లు దొరకనట్టున్నది, తిరుగుతనే ఉన్నడు. సందెల పూట అటు మొకాన పోకుండ్రి." ఆ మాటతో నాకున్న కాస్త ధైర్యమూ పోయింది. మెడలో తాయెత్తు కట్టుకున్నాను. కారు ముందర నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడదీశాను. (ఉద్యోగానికి రాసే అర్జీల్లో నా పేరు పక్కన బి.ఎస్సీ. అని పెట్టుకుంటున్న రోజులవి.) చిన్నాయన నన్ను వెక్కిరించాడు. "అది బ్యాటరీ గుణంరా. లోపల తీగలు రాసుకుంటె హారన్ అదే మోగుతది" అన్నాడు. అన్నాడు గాని, ఆ రోజు నుంచి పెరట్లోకి పోవాల్సి వస్తే పాట పాడుకుంటూ పోయేవాడు. ఆయన అంతకుముందు ఎన్నడూ పాడగా నేను వినలేదు.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది మీటరు. ఒకనాడు పట్టపగలు, మిల్లు హోరులో, తాయెత్తు పట్టుకొని చూశాను. మైళ్ల అంకె మారింది. కొద్దిగా కాదు, మంచి దూరమే తిరిగింది. కిందికి వంగి చూస్తే ఇటుకలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నేల నుంచి ఇటుకల మీదుగా ఇరుసు దాకా చెదలు మట్టి కట్టుకుంటూ పోయింది, అది ఎక్కడా చిట్లలేదు. కారు కదల్లేదు, కాని ఎక్కడికో పోయొస్తున్నది. ఆ సంగతి చిన్నాయనకు చెప్తే ఆయన ముఖం పాలిపోయింది. దయ్యానికి కాదు, బ్రేకు ఇన్‌స్పెక్టరుకు. "ఆ అంకె ఆయన కాడ రాసున్నదిరా. బండి తిరిగిందంటడు. టాక్సు, జరిమానా నేనేడికెల్లి తేవాలె? కారు పోతది" అన్నాడు. తర్వాత నన్ను పరీక్షగా చూసి, "నువ్వు గాని దించి తిప్పుతలేవు గద" అని అడిగాడు. ఆ ప్రశ్నకు దయ్యంకంటే ఎక్కువ భయపడ్డాను.

ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు, సరిగ్గా పొద్దు గూకే వేళకు. కాగితం తీసి, టార్చి వేసి మీటరు చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. "ఏమయ్యా, రోడ్డెక్కలేదన్నవ్. మేడారం పోయొచ్చినంత తిరిగింది గద" అన్నాడు. చిన్నాయన నా వైపు చూశాడు. నేను ముందుకొచ్చి, ఇది సేటు పని సార్ అని మొత్తం చెప్పాను. ఆయన నవ్వాడు. "అయితె సేటు పేరు మీద జరిమానా రాయాల్నా?" అంటూ చక్రాల కింద చూడ్డానికి వంగాడు. చెదలు మట్టి మీద వేలు ఆనించగానే నవ్వు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిల్లు ఆగింది. చీకట్లో మా ముగ్గురి ఊపిరి మాకే వినబడుతోంది. టార్చి వెలుగు ఇటుకల మీదే ఉంది. లోపల ఏదో మూలిగింది. మూలుగు గురకైంది, గురక గర్జనైంది, ఎదుటి గోడ ఒక్కసారిగా పసుపు వెలుగులో లేచి నిలబడింది, ఇన్‌స్పెక్టరు చెవి పక్కనున్న చక్రం మెల్లగా, తర్వాత జోరుగా తిరగసాగింది. ఆయన వెనక్కి పడ్డాడు. నేను ఆయన మీద పడ్డాను. చిన్నాయన తనకు రాని ఆంజనేయ దండకం ఎత్తుకున్నాడు.

"సాలు తియ్యి, మొత్తుకోకు" అంది కారు.

కారు కాదు, చిన్నమ్మ. కొంగు నడుముకు చుట్టి, సీటు ముందుకు జరుపుకొని, స్టీరింగు వెనక కూర్చొని ఉంది. మేము చక్రాల కింద చూస్తుండగా మిల్లు హోరులో అటువైపు తలుపు తీసి ఎక్కినట్టుంది. ఇంజను ఆపకుండానే కిటికీలోంచి తల బయటపెట్టి, "సారూ, బండిని నేనే నడిపిన. గని చక్రం భూమికి తాకలె. మీటరు చూసుకో, ఇప్పుడు గూడ తిరుగుతాంది" అంది. ఇన్‌స్పెక్టరు లేచి దుమ్ము దులుపుకొని చూశాడు. నిజంగానే తిరుగుతోంది. గాల్లో తిరిగిన చక్రానికి టాక్సు ఉందో లేదో ఆయన చదివిన రూలులో లేదు. "ఎందుకమ్మా ఇదంత" అని మాత్రం అడిగాడు.

చిన్నమ్మ అప్పుడు ఇంజను ఆపింది. "మా తల్లిగారింటికి పోతాన" అంది. మాకెవరికీ అర్థం కాలేదు. ఆమె చెప్పుకుపోయింది. "ఆ ఊరు ఎంత దూరమో మీటరు మీద మొదటిసారి పోయిన్నాడే చూసి పెట్టుకున్న. ఒక్కనాడు పోవస్తదా, వంట జెయ్యాలె గద. రోజింత రోజింత పోయిన. ఓనాడు ఆత్మకూర్ల ఆగి వచ్చి అన్నం వండిన. ఓనాడు మల్లంపల్లి. జాకారం దాటినంక ఇంక ఆగబుద్ధి కాకపోయేది. మా ఊరొచ్చినంక, తమ్ముని ఇంటి ముంగట హారన్ కొట్టి, జరసేపు కూసొని, మళ్ల వాపస్ వచ్చేదాన్ని. పెట్రోలు నా బర్రెపాల పైసలే, పాలమనిషి తెచ్చిచ్చిండు. దయ్యమని గూడ వాన్నే చెప్పుమన్న, ఇటు ఎవ్వలు రాకుండ." ఇదంతా మా ముఖాలు చూస్తూనే చెప్పింది. "బిడ్డకు నోట్ల పండ్లొచ్చినయంట. నేనింక మొకమే చూడలె" అన్నప్పుడు మాత్రం స్టీరింగు వైపు చూస్తూ అంది. ఆ చీకట్లో నాకు గింజల సేటుకంటే చిన్నమ్మను చూస్తేనే ఎక్కువ భయం వేసింది. ఇన్ని సాయంత్రాలు ఒక్కతే అడవి దారిలో అంత దూరం పోయొచ్చి, మాకు ఏమీ తెలియకుండా అన్నం వడ్డించింది.

ఇన్‌స్పెక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బండి షెడ్డులనే ఉన్నది" అని, చిన్నాయన భుజం తట్టి వెళ్లిపోయాడు. చిన్నాయన ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే లేచి టాక్సు కట్టి వచ్చి, నా చేత ఇటుకలు తీయించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. చిన్నమ్మ మాత్రం మురుకుల డబ్బా, చంటిదానికి గౌను పట్టుకొని ముందే వచ్చి నిలబడింది.

ఆత్మకూరు దాటాక రోడ్డు నిర్మానుష్యంగా ఉన్న చోట చిన్నాయన కారు ఆపి, దిగి, చిన్నమ్మ వైపు తలుపు తెరిచాడు. "నడుపు" అన్నాడు. అంతకంటే మెత్తని మాట ఆయన నోట నేను వినలేదు. చిన్నమ్మ దర్జాగా కూర్చుంది, సీటు జరుపుకుంది, గేరు వేసింది. కారు కదిలింది. నాలుగు గజాలు పోగానే ఆమె కెవ్వుమని రెండు కాళ్లతో బ్రేకు తొక్కి, స్టీరింగు వదిలేసి ముఖం మూసుకుంది.

"గిదేందయ్యా," అంది వేళ్ల సందుల్లోంచి చూస్తూ, "చెట్లు మీదికొస్తానయ్."

ఆమె మళ్లీ ఎన్నడూ కారు నడపలేదు. ఆ అవసరం రాలేదు, చిన్నాయనే నెలకోసారి తీసుకుపోయేవాడు. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. నాకొక కారుంది. కళ్లు మసకబారి రోడ్డెక్కడం మానేసి చాలా రోజులైంది. అమ్మేయమని పిల్లలు అంటారు. వారానికోసారి కిందికి దిగి, కారులో కూర్చొని, తాళం తిప్పి, కాసేపు అలాగే ఉంటాను. పైకొచ్చాక, ఇంతసేపు ఏంచేశావని మా ఆవిడ అడుగుతుంది. బ్యాటరీ కోసమంటాను. అడవి గాలి తగిలినట్టుండి, జుట్టు సరిచేసుకుంటాను.