సెగ తగలని తప్పెట

మొన్న మనవరాలు పెళ్ళి కచేరీల్లో వాయించే ఎలక్ట్రానిక్ ప్యాడ్‌ను రాప్తాడులోని మా ఇంటికి తెచ్చింది. కొట్టినప్పుడల్లా దాని తెర మీద ఒక అంకె పడుతుంది. అరవై దాటాక అక్షరాలూ అంకెలూ దిద్దుకున్నదాన్ని కదా, కనిపించిన అంకెనల్లా పైకి చదివేస్తాను. వేలితో మెల్లగా తట్టి చూస్తే సున్నా కదల్లేదు.

"గట్టిగా కొట్టవ్వా! సున్నా నుంచి నూట ఇరవై ఏడు దాకా మెట్లుండాయి. నీ దెబ్బ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. సున్నా అంటే మోత నిలపమని దాని లెక్క" అని నవ్వింది. నేను ప్యాడ్ మీది నుంచి చెయ్యి తీసేశాను.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, మన మెట్ట పొలాల్లో బావి తవ్వితే రెండు నిలువులకే బండ తగిలేది, దానికి తూట్లు పొడిచి మందు కూరి పేల్చేవారు, ఆ సమయంలో అందరినీ హెచ్చరిస్తూ తప్పెట కొట్టడం మా నాయన పని. ఆ తప్పెటకు రెండే మెట్లు: గట్టి దెబ్బ అంటే కదలొద్దని, మెత్తటి దెబ్బ అంటే ఇక రావచ్చని. తోలు బిగియడానికి చొప్పమంట సెగ చూపించడం నా పని.

నా చిన్నప్పుడు ఒక రోజు ఎన్నడూ లేనిది తుంపర పడి తోలు తడిసింది. మంట ఎగిసేసరికి భయపడి, తోలు బిగియకముందే తీసి, కాగిందని నాయనకు అబద్ధం చెప్పాను. ఐదు తూట్లకు నిప్పు పెట్టారు. నాలుగే పేలాయి. నాయన ప్రాణం పెట్టి కొట్టాడు గానీ, వదులు తోలు మీద గట్టి దెబ్బ కూడా మెత్తగానే మోగింది. దూరంగా బండ చాటున ఉన్న అమ్మ, రమ్మంటున్నారనుకుని, రాళ్ళ తట్ట చంకన పెట్టుకుని అందరికన్నా ముందు లేచి బావివైపు నడిచింది. గాలి అటునుంచి ఇటు కొడుతోంది, మా కేకలు ఆమెకు అందవు. నాయన ఎంత కొడితే ఆమె అంత వేగంగా వస్తోంది.

నాయన ఒక్కసారిగా పుల్ల కింద పడేశాడు.

మోత ఆగిపోవడానికి మా లెక్కలో అర్థమే లేదు. అమ్మ అయోమయంగా నిలబడిపోయింది. "ఏమయ్యా, చేతులు పడిపోయినాయా? యాల నిలిపితివి?" అన్న ఆమె ఎత్తిపొడుపు గాలిలో మా దాకా వచ్చిందో లేదో, ఐదోది పేలింది. రాళ్ళు ఆమెకు పదడుగుల ఇవతల పడ్డాయి.

మర్నాటి నుంచి నాయన తప్పెట తానే కాచుకున్నాడు.

ఇప్పుడు బావులు తవ్వేవారే లేరు, ఎటు చూసినా బోర్లే. మంట అక్కర్లేని ఈ ప్యాడ్ తుంపరకు వదులు కాదు, దెబ్బ దెబ్బనూ అన్నన్ని మెట్లుగా తూచి చెబుతుంది. మంచిదే. కానీ మనవరాలు వాయిస్తూ వాయిస్తూ ఆపినప్పుడల్లా, వంటింట్లో ఉన్న నా కూతురిని ఓసారి పిలుస్తాను. అది పలికేదాకా నా చెవులు ఆ ఐదో మోత కోసం కాచుకునే ఉంటాయి.