వరుసలో నిలవని హేమ్లి

హేమ్లి సిగ్గుపడి డాన్సు మానేసిందని ఇల్లందులో చెప్పుకుంటున్నారు. మొగుడు వద్దన్నాడని ఇంకొందరు. రెండూ తప్పే. ఆమె సిగ్గుపడగా నేనైతే చూడలేదు. మొగుడు రామన్న అయితే గనికి పోతూ పోతూ ఆమెను డాన్సు నేర్పే చర్చి హాలు దగ్గర దింపి మరీ వెళ్లేవాడు. మాది పక్క క్వార్టరు, అందుకే చెబుతున్నాను.

హేమ్లికి షుగరు. ఇదే రోగంతో వాళ్లక్క గోరికి పాదం తీసేశారు. ఆ భయం ఈమెకు పట్టుకుంది. డాక్టరేమో ఒళ్లు కదపమన్నాడు. ఒంటరిగా నడవాలంటే విసుగు. సరిగ్గా అప్పుడే చర్చి హాల్లో స్తుతి టీచరు ఆడవాళ్లకు లైన్ డాన్సు మొదలుపెట్టింది. అందరూ వరుసల్లో ఒకే వైపు నిలబడి, పాటకు ఒకే రకంగా అడుగులు వేసి, పక్క గోడ వైపు తిరిగి, మళ్లీ మొదటినుంచి వేయాలి. చెమట పడుతుంది, మనసూ తేలికవుతుంది.

అడుగులు వేయడంలో హేమ్లి అందరికన్నా నయం. తిరగడం దగ్గరే తంటా. లంబాడీ తండాలో చిన్నప్పటినుంచి గుండ్రంగా ఆడిన మనిషి. గోడ వైపు తిరగమంటే లోపలికి వంగి, చప్పట్లు కొడుతూ వంపు తిరిగేది. వెనకవాళ్లు ఆమెను చూసి ఆమె వెంటే పోయేవాళ్లు. ఒకరినొకరు గుద్దుకునేవాళ్లు.

“హేమ్లి వదినా, నువ్వు బస్సు తోల్తే మనం ఖమ్మం చేరం. ఇల్లందు చుట్టే తిరుగుతం,” అనేది పక్కనే ఆడే అనంతమ్మ.

స్తుతి ఆమెను ఆఖరి వరుసలో పెట్టింది. కానీ ఆ డాన్సులో వెనక్కి తిరగడమూ ఉంది కదా. తిరిగేసరికి ఆఖరి వరుసే మొదటిదైంది. హాలంతా హేమ్లి వెంట గుండ్రంగా పోయింది.

“గోడ దిక్కు జూడక్కా. ఎన్నిసార్లు జెప్పాలె?” అంది స్తుతి.

“గోడను జూస్కుంట ఎట్ల ఆడాలె టీచరమ్మా? మా తండల ఒకల మొకం ఒకలం జూస్కుంట ఆడ్తం. ఈడ అన్నీ వీపులే.”

చర్చిలో కోతల పండుగకు ఈ డాన్సు చూపించాలి. స్తుతికి ఓపిక పోయింది.

“పండుగ అయ్యేదాంక పక్కకు కూసొని చప్పట్లు కొట్టక్కా.”

“చప్పట్లు కొడితే నా కాలు దక్కుతదా?” అని హేమ్లి చెప్పులేసుకుని వచ్చేసింది.

పండుగయ్యాక మళ్లీ రమ్మని స్తుతి కబురు పంపింది. ఈమె పోలేదు. వంటింట్లో ఒక్కతే గోడకెదురుగా నిలబడి తిరగడం నేర్చుకునేది. వంపు తిరిగి గ్యాసు బండకు తగిలి తిట్టుకునేది. నాకన్నీ వినిపించేవి. ఈ మధ్య ఆ చప్పుడూ లేదు. అడిగితే కాలు మొద్దుబారుతోందంటుంది. దవాఖానాకు పోదామంటే, “రేపు పోదాం తియ్,” అంటుంది.

నా మాట వినదు. మీలో ఎవరైనా ఇటు వస్తే ఆమె ఇంటికి పోండి. డాన్సు మాట ఎత్తకండి. ఆ కాలు ఎట్లా ఉందో మాత్రం చూసి రండి.