మీగడలో పొగచేప

నాచారంలో వెల్డింగు పని చేసి రిటైరైన సిద్దయ్య, పాత డ్రమ్ము కోసి తలుపు బిగించి, డాబా మీద చేపలకు పొగపెట్టే పొయ్యి కట్టాడు. మృగశిర కార్తె మొదటిరోజు ఆ చుట్టుపక్కల చేప వండని ఇల్లుండదు. అందుకే ఆ రోజే వియ్యంకుడు రామ్మోహనరావును భోజనానికి పిలిచాడు. కాకినాడ మనిషి చేత చేప బాగుందనిపించాలని ఆయన పంతం.

ఉప్పల్ మార్కెట్లో కొన్న కొర్రమీను, మామిడి చెక్కల పొగలో మగ్గి బంగారు రంగు తేలింది. దాని మీద మీగడ, మిరియాలు, వెల్లుల్లి కలిపిన చిక్కటి సాస్ పోశాడు. రామ్మోహనరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“చేపతో మీగడా? బొల్లి వస్తుంది బావగారూ!”

ఎంత చదివినా పోని భయం అది.

“నెల సంది గిదే తింటున్న బావా. ఏమైంది? సూడు!” అని సిద్దయ్య చేతులు చాపాడు. చేతుల నిండా తెల్లటి మచ్చలే! రామ్మోహనరావు కుర్చీతో సహా జరిగాడు.

సిద్దయ్య భార్య కృష్ణమ్మ పకపకా నవ్వింది. “అవి వెల్డింగు రవ్వలు పడ్డ మచ్చలన్నా! మా పెండ్లి నాటికే ఉన్నయి. నా చేతులు సూడు, రోజూ గిన్నె ఊడ్చేది నేనే.”

ఆమె చేతులు నిగనిగలాడుతున్నాయి. రామ్మోహనరావు ఒక ముక్క విరిచి, మీగడలో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే ఇంకో ముక్క విరిచాడు.

“మా కాకినాడలో ఇలా చెయ్యరండీ,” అన్నాడు చివరికి, గిన్నె తన వైపు లాక్కుంటూ.