మేళాలో సముద్రం ప్రాక్టీసు

సముద్రంలో పడవ పోటీకని తయారవుతూ, నీటి చుక్క లేని మైదానంలో, అందరి ముందూ పరువు పోగొట్టుకున్నవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, టీ తాగుతూ మీ ఎదురుగానే కూర్చున్నాను.

మా నాన్నది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు ఊరు. ఉక్కు ప్లాంటులో ఉద్యోగం వచ్చి భిలాయ్ వచ్చేశారు. నేను పుట్టిందీ పెరిగిందీ ప్లాంటువాళ్ళ సెక్టార్ క్వార్టర్లోనే. నలభై దాటాక నాకు సముద్రం మీదికి మనసు పోయింది. విశాఖలో ఉండే మా బావ, అంటే అక్క మొగుడు, ఇద్దరు కూర్చుని తెడ్లు వేసే పడవలో ముప్పై కిలోమీటర్ల పోటీకి పేరిస్తూ వెనక సీటు నాకన్నాడు. ఏడాదిగా ప్రతి ఆదివారం మా ఊరి పక్కనే ఉతై దగ్గర చెరువులో తెడ్డు వేశాను. చేతులు గట్టిపడ్డాయి. కాకపోతే ఆ చెరువులో అల అంటే గేదె దిగినప్పుడు లేచేదే.

కిందటి నెలాఖరున ట్రయల్‌కి విశాఖ వెళ్ళాను. ఒడ్డు దాటిన పావుగంటకి, పొద్దున తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికి సమర్పించుకున్నాను. బావ పడవ వెనక్కి తిప్పేశాడు.

"నీ చేతులు బానే ఉన్నాయిరా. నీ కడుపుతోనే ఏటి సెయ్యాలో తెల్డం లేదు. పదిహేను రోజులు టైమిస్తన్నాను. మళ్ళీ ఇలాగే అయితే ఆ సీటు ఇంకోల్లకి ఇచ్చెస్తాను, ఏటనుకోకు," అన్నాడు.

సముద్రం ఒడ్డు మనిషికి కొడుకునై ఉండి, ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది? కానీ భిలాయ్‌లో అలలెక్కడ దొరుకుతాయి? సరిగ్గా అప్పుడే స్మృతి నగర్ దగ్గర మేళా పెట్టారు. అందులో నావ ఝూలా ఉంది. పెద్ద పడవ, ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దాన్ని చూడగానే నా అంత తెలివైనవాడు లేడనిపించింది.

మా ఆవిడ సుగుణని వెంటబెట్టుకుని, తెడ్డు భుజాన వేసుకుని వెళ్ళాను. సుగుణ కింద బెంచీ మీద కూర్చుని, "తెలిసినవాళ్ళెవరైనా కనిపిస్తే మీరెవరో నాకు తెలీదు," అని ముందే చెప్పేసింది. ఝూలా నడిపే సుకాలూ భయ్యా నా తెడ్డు తీసుకుని పక్కన పెట్టాడు. "వరసగా నాలుగు ఆటలు కూర్చుంటాను. నేను చెయ్యెత్తితే ఆపు, చాలు," అని హిందీలో చెప్పాను. "ఠీక్ హై భయ్యా," అన్నాడు.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను ప్లాంటులో క్రేన్ ఆపరేటర్ని. కింద నుంచి ఎవరు చెయ్యెత్తినా క్రేన్ ఆపేయాలి. పదిహేడేళ్ళుగా ఆపుతున్నాను. చెయ్యెత్తితే లోకమంతా ఆగుతుందని నా నమ్మకం.

మొదటి ఆట బాగానే గడిచింది. రెండో ఆటలో మధ్యాహ్నం తిన్న చేపల పులుసు కదిలింది. చెయ్యెత్తాను. చూస్తే పడవ నిండా జనమంతా చేతులు పైకెత్తి కేకలేస్తున్నారు. మేళాలో చెయ్యెత్తడమంటే సంబరమట. రెండో చెయ్యి కూడా ఎత్తాను. సుకాలూ భయ్యా నన్ను చూసి మెచ్చుకోలుగా తలూపి, జోరు ఇంకాస్త పెంచాడు. ఆపమని అరుద్దామంటే నోరు తెరిచే ధైర్యం లేదు. తెరిస్తే ముందు సీటువాళ్ళ గతేమిటి?

నన్ను కాపాడింది సుగుణే. నా మొహం రంగు చూసి బెంచీ మీంచి లేచి పరిగెత్తింది. "రోకో భయ్యా, వో మేరా ఆద్మీ హై," ఆపు, ఆయన నా మొగుడు అని మేళా అంతా వినబడేలా అరిచింది. నేనెవరో తనకి తెలీదన్న మనిషే.

దిగగానే సుకాలూ భయ్యా బకెట్టు ముందుకు తోశాడు. ఆ కార్యక్రమం అయ్యాక మెడలోని తువ్వాలు తడిపి నా మొహం తుడిచాడు. కథంతా విన్నాడు, నవ్వలేదు. "రేపట్నుంచి నాలుగింటికి రా. జనం రాకముందే చూద్దాం," అన్నాడు.

పొద్దుటి షిఫ్టు దిగి ఎనిమిది రోజులు వెళ్ళాను. మొదటి రోజు రెండు నిమిషాలు, తర్వాత అయిదు, ఆపైన పదిహేను. ఆయన ఝూలా ఆపే లివర్ దగ్గర నించుని, "కళ్ళు మూసుకోకు భయ్యా, దూరంగా ఆ నీళ్ళ ట్యాంకు మీదే చూపు పెట్టు," అని చెబుతూనే ఉండేవాడు. ఒక్కనాడూ టికెట్టు అడగలేదు. ముక్కూ మొహం తెలియని నా కోసం ఆ ఎండలో అలా నిలబడ్డాడే, ఆయన రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలీదు.

మొన్న మళ్ళీ ట్రయల్. మూడు గంటలు సముద్రం మీదే ఉన్నాం. కడుపు కిక్కురుమనలేదు.

"ఏటి మందేసినావురా?" అన్నాడు బావ. సంగతి చెబితే పడవ బోల్తా పడేంతగా నవ్వాడు. సీటు మాత్రం నాదేనన్నాడు.

ఒడ్డెక్కగానే సుకాలూ భయ్యాకి ఫోన్ చేశాను. ఆయన పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. చాలా సంతోషించాడు. ఆ తర్వాత నెమ్మదిగా, "మరి అక్కడ ఊపు ఎక్కువైతే ఆపేదెవరు భయ్యా?" అని అడిగాడు.

"ఎవరూ ఉండరు," అన్నాను.

"అయితే పోటీ రోజుకి నేనొస్తాను. ఒడ్డున నించుంటాను," అన్నాడు.

సముద్రానికి లివర్ ఉండదని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆయనకి రానూపోనూ రైలు టికెట్లు తీసేశాను. నిజం చెప్పొద్దూ, ఏడాదంతా తెడ్డు వేసిన ఈ మొనగాడికి, ఆ మాట విన్నాకే ధైర్యం వచ్చింది.