తొమ్మిదో నంబరు పొడి

వైజయంతా గుట్టే మేడం ఏడేళ్లు ఒకే ఓవెన్ ముందు నిలబడింది. ఇంట్లో పాలు వెచ్చబెట్టుకునే మైక్రోవేవ్ అది. లాతూరులో మా కాలేజీకి అంతకంటే గొప్పది ఎవడు కొనిపెడతాడు! బీకరులో రెండు రసాయనాలు, నాలుగు చుక్కల ఆమ్లం. ముప్ఫై సెకన్లు వేడిచేయడం, తీసి కలపడం, మళ్లీ ముప్ఫై సెకన్లు. స్టవ్ మీద నాలుగు గంటలు పట్టే పని మూడు నిమిషాల్లో అయిపోయేది. వచ్చిన పసుప్పచ్చని పొడిని కడిగి, ఆరబెట్టి నాకిచ్చేది. నేను సూక్ష్మజీవశాస్త్రం చెబుతాను. చీముపుండ్ల బాక్టీరియా పెంచిన పళ్లెంలో ఆ పొడి పెట్టి, ఎంత మేర చంపిందో కొలవడం నా పని.

పద్నాలుగు పొడుల్లో తొమ్మిదోది ఒక్కటే పనిచేసింది. ఇరవై రెండు మిల్లీమీటర్ల మేర ఒక్క క్రిమీ పెరగలేదు. ఇద్దరి పేర్లతో పరిశోధన పేపరు అచ్చయింది. ఆమె డాక్టరేటు, దాంతో రావాల్సిన పర్మనెంటు ఉద్యోగం, అన్నీ ఆ పొడి మీదే.

కరువు తీరేలా వానలు పడి కుళాయిల్లో నీళ్లు వచ్చాక, థీసిస్ ఇచ్చే ముందు ఆ తొమ్మిదోదాన్ని కొత్తగా మరోసారి చేసి ఇచ్చింది.

"ఏంటి సర్, ఆ మొహం? మీ బాక్టీరియాలు గానీ అలిగాయా?"

"శుభ్రంగా పెరిగాయి మేడం. మందు దాకా వచ్చేశాయి. మూడుసార్లు చేశాను."

అనుమానమొచ్చి పాత పొడిని తడిపి నీలం లిట్మస్ ఆనించాను. ఎర్రబడింది.

"అప్పుడు ఎన్నిసార్లు కడిగారు?"

"ఒక్కసారే. అర గ్లాసు నీళ్లతో. ఆ కరువులో చేసింది అదొక్కటే. ట్యాంకరు పది రోజులకోసారి వచ్చేది కద సర్. ఇంట్లో పిల్లలకి స్నానాల్లేవు. ఇక్కడ పొడికి బకెట్టు పొయ్యాలంటే చెయ్యి రాలేదు."

చంపింది సరిగా కడగక మిగిలిపోయిన ఆమ్లం, పొడి కాదు. ఆమ్లాన్ని విడిగా పెట్టి చూడాలని నాకైనా తట్టలేదు. నా బుద్ధి గడ్డి తింది!

ఆమె గైడు టేకాళే సర్ విసుక్కున్నాడు. "పాత ఫొటోలున్నాయి కదమ్మా, అవే పెట్టెయ్. ఎవడొచ్చి మళ్లీ చేస్తాడు?"

మర్నాడు ఆమె థీసిస్ పట్టికలో తొమ్మిదో నంబరు ఎదుట సున్నా వేసింది. ఆయన సంతకం పెట్టలేదు. గడువు దాటింది, డాక్టరేటు రిజిస్ట్రేషను రద్దయింది.

"ఏడుపు రాలేదా మేడం?" అని అడిగాను.

"లేదు సర్. వస్తుందేమోనని చూశాను కూడా."

అచ్చయిన పేపరు తప్పని రాసి వెనక్కి తీసుకుందామని రెండుసార్లు అడిగింది. చూద్దాం లెండి అన్నాను. జనవరిలో ఆ పేపరే చూపించుకుని నాకు ప్రమోషను వచ్చింది. పాలకోవా పేఢాల డబ్బాతో స్టాఫురూములో తిరిగాను. ఆమె ఒకటి తీసుకుని, "మంచిది సర్" అని తినేసింది. చచ్చేంత సిగ్గేసింది. అయినా డబ్బా పట్టుకుని పక్క టేబులు దగ్గరికి వెళ్లాను.