రక్తం గ్లౌజు, నోట్ల విజిలు

నిన్న కోదాడల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో ఇనుండ్రి. నవ్వుతె నవ్వుండ్రి గని చాయ్ మీద పోసుకోకుండ్రి!

ఆడపిల్లల కబడ్డీ సెలెక్షన్లు. మిర్యాలగూడ పక్కన మా బడి నుంచి మౌనికను తీస్కపోయిన. నేను పీఈటీని, ఆటల సారును గదా, రెఫరీ విజిల్ నా మెడలనే ఏసిండ్రు. పిల్ల రెయిడుకు పోతె మనిషిని తాకి మర్లొచ్చుడే! ఇగ సెలెక్టయినట్టే అనుకుంటున్న, మోకాలు గీరుకపోయి రక్తం కారవట్టె.

రక్తం కారితె బయటికే. కట్టు కట్టినంకనే లోపలికి. ఇంక అయిదు నిమిషాల ఆటే ఉన్నది. మౌనిక ఏడ్పుమొకం పెట్టింది.

"సార్, జర జల్ది కట్టుండ్రి, నన్ను తీస్కోరు!"

"పరేషాన్ గాకు బిడ్డా, నేనున్న గద!"

ఆటకొచ్చిన ఒక పిల్ల తల్లి పాపం పసుపు పొట్లం ఇప్పింది. ఆమె మీదికి లేసిన. "పసుపేందమ్మా? గియ్యేం రోజులు? ముందు గ్లౌజులు!"

కోదాడ దవఖాన నుంచి వచ్చిన సిస్టరమ్మ గ్లౌజులిచ్చింది. ఏస్కున్న. పుండు నీళ్లతోని కడిగిన, పట్టి కట్టిన, రక్తపు దూదిని పసుపురంగు కవర్ల ఏసిన. అందరు సూస్తున్నరు గదా, ఇంకింత గట్టిగ మొత్తుకున్న: "సూడుండ్రి, గిట్ల చెయ్యాలె!" ఏం పోజులు కొట్టిన్నో!

గంతల సెలెక్టర్ సారు కేకేసిండు. "టైమయితుంది, విజిల్ కొట్టవయ్యా!"

మౌనిక లోపలికి ఉరికింది. నేను గదే గ్లౌజుతోని విజిల్ అందుకొని నోట్ల పెట్టుకొని, ఉర్ర్ర్!

నోరు ఉప్పగయింది.

"అయ్యయ్యో, నోట్లో రక్తమండీ సార్!" అని సిస్టరమ్మ.

"సార్, గ్లౌజులు ఇప్పలే!" అని లైన్ మీదికెల్లి మౌనిక.

ఇగ ఉరుకుడే ఉరుకుడు. నల్లా కింద మూతి పెట్టి పుక్కిలిచ్చుడు, ఉమ్ముడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటరు. నేనేమో మూతి కడుగుతున్న. ఇంకో సారు విజిల్ కొట్టిండు. మౌనిక ఒక్క రెయిడుల ఇద్దర్ని అవుట్ చేసి సెలెక్టయింది. పానం నిమ్మలమైంది గని సిగ్గుతోని తల లేస్తలేదు.

సిస్టరమ్మకు నా మీద జాలి కలిగింది.

"ముందు ఆస్పత్రికెళ్లి డాక్టరు గారికి చూపించుకోండి. తెలియక చేశారు, ఏం చేస్తాం! సోమవారం సూర్యాపేటలో మీ పీఈటీలందరికీ ఫస్ట్ ఎయిడ్ క్లాసు ఉందంట కదా. వెళ్లి ముందు వరుసలో కూర్చోండి సార్, అన్నీ నేర్పిస్తారు."

"గా క్లాసు చెప్పేది నేనేనమ్మా!"